జీతాల కమిటీలో మా అత్తయ్య

మా అత్తయ్య ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసింది. ఊళ్ళో ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ సిస్టరమ్మే. రిటైరై తొమ్మిదేళ్ళయినా, కూరగాయల దుకాణం దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు తమ పిల్లాణ్ణి ముందుకి తోసి, "నిన్ను అందరికన్నా ముందు ఎత్తుకున్నది ఈవిడేరా" అని చూపించేవాళ్ళు. ఆమె వాణ్ణి ఎగాదిగా చూసి, "అప్పుడు ఊరంతా వినబడేట్టు ఏడ్చావు, ఇప్పుడేంటిలా నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డావు?" అనేది.

అలాంటి మనిషికి ఒకరోజు కౌన్సిల్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నేను ఇంట్లో కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతూ ఉంటాను. మిషను ఆపి ఆ ఉత్తరం నేనే చదివి వినిపించాను, ఎందుకంటే అప్పటికి ఆమెకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి అక్షరాలు అలుక్కుపోయి కనబడేవి. ఊరి కౌన్సిలర్ల జీతాలు ఎంత ఉండాలో నాలుగేళ్ళకోసారి ఒక కమిటీ చూసి చెబుతుంది. ముగ్గురు సభ్యులు. ఈసారి ఆ ముగ్గురిలో మా అత్తయ్య ఒకరు.

"ఇదెక్కడి గోలే అమ్మాయీ!" అని నవ్వింది. "ఆ కౌన్సిల్లో నలుగురికి బొడ్డు కోసింది నేనే. ఇప్పుడు జీతం కూడా నన్నే కొయ్యమంటున్నారా?"

మా ఆయన వద్దన్నాడు. "అమ్మా, పెంచితే ఊరు తిడుతుంది, తగ్గిస్తే వాళ్ళు తిడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీకెందుకొచ్చిన తలనొప్పి?" అత్తయ్య రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు పొద్దున, "అమ్మాయీ, నువ్వు కాగితాలు చదివిపెడితే నేను ఒప్పుకుంటాను," అంది. నేను సరే అన్నాను. ఆ సరే అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను. పెళ్ళై పదహారేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా, మా అత్తయ్యని నేను సరిగ్గా చూసింది ఆ నాలుగు నెలల్లోనే.

కమిటీ మొదటి సమావేశం కౌన్సిల్ భవనం రెండో అంతస్తులో, వెనకవైపు గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, దాని మీద పగిలిన చోట టేపు అంటించిన గాజుపలక, ఎంత తోసినా మూసుకోని సొరుగున్న ఇనప బీరువా. కమిటీకి అధ్యక్షుడు కాలేజీలో ప్రిన్సిపాల్ చేసి రిటైరైన పెద్దమనిషి. రెండో సభ్యుడు ఊరి చివర కోల్డ్ స్టోరేజీ ఉన్నాయన. పనులు చూసుకోవడానికి కౌన్సిల్ ఒక గుమస్తాని ఇచ్చింది. నాకు కిటికీ పక్కన ఒక కుర్చీ వేశారు.

గుమస్తా ముగ్గురికీ తలా ఒక ఫైలు పంచాడు. నేను అత్తయ్య చెవి దగ్గర పై అట్ట మీది అక్షరాలు చదివాను: కౌన్సిలర్ల జీతభత్యాల స్వతంత్ర పరిశీలన సంఘం.

అత్తయ్య గుమస్తా వైపు తిరిగింది. "బాబూ, నాకు తెలీక అడుగుతున్నాను. మమ్మల్ని ముగ్గుర్నీ ఎంపిక చేసిందెవరు?"

"కౌన్సిలేనండి."

"నువ్వెవరి మనిషివి?"

"కౌన్సిల్ మనిషినేనండి."

"మేం చెప్పింది వినాలా, మానాలా అన్నది ఎవరిష్టం?"

"అదీ కౌన్సిల్ ఇష్టమేనండి."

"మరి ఈ అట్ట మీద స్వతంత్రమని రాసిందెవరు?"

గుమస్తా నిజంగానే ఆలోచించి, "ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళండి," అన్నాడు. ప్రిన్సిపాల్ గారు నవ్వాపుకోలేక దగ్గు నటించారు. కోల్డ్ స్టోరేజీ ఆయన మాత్రం వాచీ చూసుకుంటూ, "సిస్టరమ్మగారూ, ఇదంతా ఎప్పుడూ ఉన్నదే. పాత నివేదికలున్నాయి, అవి చూసి నాలుగు ముక్కలు మార్చి పంపిద్దాం. రెండు మీటింగుల్లో అయిపోతుంది," అన్నాడు.

ఆ పాత నివేదికలు నేను ఇంటికి తెచ్చి, మధ్యాహ్నాలు వంటపని అయ్యాక చదివిపెట్టేదాన్ని. అత్తయ్య మంచం మీద కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుని వినేది. మూడోరోజు, రెండు పేజీలు చదివానో లేదో చెయ్యెత్తి ఆపింది. "ఇది నిన్న చదివిందే కదే."

"కాదత్తయ్యా, నిన్నటిది నాలుగేళ్ళ నాటిది. ఇది ఎనిమిదేళ్ళ నాటిది."

"అయితే నిన్నటిది తీసి మళ్ళీ చదువు."

చదివాను. మాట మార్పు లేదు. పన్నెండేళ్ళ నాటిది తీశాను. అదీ అంతే. "సమగ్రంగా, నిష్పాక్షికంగా పరిశీలించిన మీదట" అన్న వాక్యంతో మొదలు. కింద సంతకాలు వేరు, పైన తేదీ వేరు, పెంచిన మొత్తం వేరు. మిగిలినదంతా ఒకే అచ్చు. కళ్ళతో చదివినవాళ్ళకి పన్నెండేళ్ళుగా పట్టనిది, చెవులతో విన్న మనిషికి పట్టింది.

అత్తయ్య లేచి కూర్చుంది. "రౌండ్లకి రాకుండా కేసు షీటు రాసే డాక్టర్లని చూశాను. వాళ్ళూ ఇలాగే రాస్తారు. పేషెంటు కులాసా, పేషెంటు కులాసా..." అంది.

ఆ సాయంత్రం ఆమెని ఇంకొక సంగతి తొలవడం మొదలుపెట్టింది. మా వార్డు కౌన్సిలర్ సంగతి.

ఆయనకి మా వీధి మొదట్లో టైర్ల దుకాణం ఉంది. పంక్చర్లు వేయడంతో మొదలుపెట్టి దుకాణం దాకా వచ్చాడు. అందరూ టైర్లాయన అంటారు. ఆయన కౌన్సిలర్ కాకముందు, నాకు పెళ్ళైన రెండో ఏడు, మా మామయ్యకి ఉదయం పూట ఉన్నట్టుండి మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయింది. అత్తయ్య డ్యూటీలో ఉంది, మా ఆయన ఊళ్ళో లేడు. మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు, మెట్లు మరీ ఇరుకు. నేను బాల్కనీలోంచి అరిచిన అరుపుకి టైర్లాయన దుకాణంలోని ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని పైకి పరిగెత్తుకొచ్చాడు. మామయ్యని అందులో కూర్చోబెట్టి, జారిపోకుండా సైకిల్ ట్యూబుతో నడుం దగ్గర కట్టి, ఇంకొకరి సాయంతో మూడంతస్తులూ మోసుకుంటూ దించాడు. "పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదు" అన్నారు డాక్టర్లు. మామయ్య ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. నా కూతురికి అక్షరాలు దిద్దించింది ఆయనే, ఎడమచేత్తో.

టైర్లాయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చినప్పుడు కూడా మా గుమ్మం దగ్గర కాగితం ఇచ్చి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

"అమ్మాయీ," అంది అత్తయ్య, "ఆయన జీతం తగ్గించమని నా నోటితో నేను చెప్పగలనా? చెప్పలేను. మరి చెప్పలేనిదాన్ని ఆ కుర్చీలో ఎలా కూర్చోను?"

రెండో సమావేశంలో ఆమె ఆ కథంతా చెప్పి, రాజీనామా ఇస్తానంది. ప్రిన్సిపాల్ గారు చేతులు రెండూ బల్ల మీద పెట్టి, "సిస్టర్ గారూ, ఎవరి ఉపకారమూ పొందనివాళ్ళే ఇక్కడ కూర్చోవాలంటే, చందమామ మీద నుంచి మనుషుల్ని తెప్పించాలి," అన్నారు.

"అయితే ఈ సంగతి నివేదిక మొదటి పేజీలో రాయండి. చదివినవాళ్ళు నా మాట ఎంతవరకు నమ్మాలో వాళ్ళే తేల్చుకుంటారు. నాదే కాదు, ముగ్గురివీ రాద్దాం."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, తన అల్లుడు కౌన్సిల్ కోర్టు కేసులు చూసే వకీలని నెమ్మదిగా చెప్పారు. కోల్డ్ స్టోరేజీ ఆయన మొహం ఎర్రబడింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడానికి నేను రాలేదండీ. ఇలా పురాణాలు విప్పుకుంటూ పోతే ఊళ్ళో ఒక్కడు మిగలడు," అని ఫైలు మూసి వెళ్ళిపోయాడు.

ఆయన ఇక రాడనుకున్నాం. వారం తర్వాత మాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి అత్తయ్య ముందుకి జరిపి, "మీ కోడల్ని చదవమనండి," అన్నాడు. చదివాను. ఆయన గోదాము ముందు రోడ్డు వెడల్పు చేయమని కౌన్సిల్‌కి పెట్టుకున్న అర్జీ ఏడాదిగా పెండింగులో ఉంది. అది చదువుతుంటే ఆయన తలొంచుకుని గోళ్ళు చూసుకున్నాడు. అయ్యాక, "మా ఆవిడకి చెబితే, సిస్టరమ్మ అడిగింది న్యాయమే కదా అంది. మన రెండో పిల్ల ఆవిడ చేతుల్లోనే పుట్టింది, నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదంది," అన్నాడు.

"అయితే అది కూడా రాయించండి," అంది అత్తయ్య. ఈసారి అందరం నవ్వాం, గుమస్తాతో సహా.

అప్పటి నుంచి పని నిజంగా మొదలైంది. కౌన్సిలర్లని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడారు. బాగా ఆస్తిపరుడొకాయన వచ్చి, "నాకసలు జీతమే వద్దండీ, నాది సేవ," అన్నాడు. ఆయన వెళ్ళాక అత్తయ్య, "జీతం వద్దన్నవాణ్ణి చూస్తే నాకు భయం. మూడు రోజుల నుంచి ఆకలే లేదన్న పేషెంటుని చూసినట్టుంటుంది. ఎక్కడో తింటూ ఉండాలి, లేకపోతే లోపల ఏదో ఉండాలి," అంది.

ఆ తర్వాత వచ్చిన కౌన్సిలరమ్మ స్కూలు వ్యాను నడుపుతుంది. మధ్యాహ్నం ట్రిప్పుకి టైమవుతోందని తాళంచెవి చేతిలోనే పట్టుకుని, కుర్చీ అంచు మీద కూర్చుంది. మొదట ఏమడిగినా "పర్లేదండి, సర్దుకుంటున్నాను" అనడమే. అత్తయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నొప్పి ఉందా లేదా అనడిగితే పర్లేదు అంటే ఎలాగమ్మా? ఎక్కడుందో చెప్పు," అంది. ఆసుపత్రి వార్డులో వాడే గొంతు అది. అప్పుడు చెప్పింది. మీటింగున్న రోజు వ్యాను ఇంకొకరికి అప్పగించాలి. ఆ రోజు కూలి వాళ్ళకే పోతుంది. నెలలో ఏడెనిమిది రోజులు అలా పోతాయి. కౌన్సిల్ ఇచ్చేది ఆ లోటు పూడ్చడానికి చాలదు. "వచ్చేసారి నిలబడనమ్మా. నా వార్డులో వాళ్ళు అడుగుతున్నారు, కానీ ఇంట్లో పిల్లలున్నారు," అంది. కళ్ళు తుడుచుకోలేదు గానీ తాళంచెవిని గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చే దారిలో అత్తయ్య, "జీతం పెంచకపోతే ఈవిడ పోతుంది. వద్దన్నాయన మిగులుతాడు," అంది.

ఊరు మాత్రం వేరేగా మాట్లాడుకుంటోంది. కూరగాయలావిడ తూకం వేస్తూ, "ఏం సిస్టరమ్మా, వాళ్ళకి జీతాలు పెంచుతున్నారట. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే!" అని వేళాకోళమాడింది. ఇంకెవరో ఆమెకి కౌన్సిల్ నుంచి ఏదో ముట్టిందన్నారు. అవన్నీ అత్తయ్య దులిపేసుకుంది. ఒక్కటి మాత్రం ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. రోజూ పొద్దున దుకాణం ముందు నీళ్ళు చల్లుతూ "బాగున్నారా సిస్టరమ్మా" అని పలకరించే టైర్లాయన మాట్లాడడం మానేశాడు. మేము వీధిలో కనబడగానే లోపలికి వెళ్ళిపోయేవాడు. ఒకసారైతే ఎదురుపడబోయి, రోడ్డు దాటి అవతలివైపు నడిచాడు. కమిటీ పిలిస్తే, "నేను చెప్పేదేమీ లేదు" అని ఒక్క ముక్క రాసి పంపాడు.

"నాకు చేసిన మేలుని నేను కమిటీలో చెప్పి ఊరందరి ముందూ పెట్టాను. ఆయనకి నచ్చలేదు కాబోలు. మేలుకి మేలు చేయకపోతే పోయె, చేసినాయన్ని నొప్పించాను," అనేది అత్తయ్య. నాలుగు నెలలు ఆ మాటే. అన్నం దగ్గర కూడా అదే.

నివేదిక తయారైంది. ప్రిన్సిపాల్ గారు రాశారు, అత్తయ్య విని విని కష్టమైన మాటలన్నీ తీయించింది. మొదటి పేజీలో ముగ్గురి సంగతులూ ఉన్నాయి. తర్వాత రెండే సిఫార్సులు. ఒకటి, జీతం కొద్దిగా పెంచాలి, అయితే అది వచ్చే ఎన్నికల తర్వాత గెలిచి వచ్చేవాళ్ళకే. రెండోది, ఇకమీదట కమిటీని కౌన్సిల్ ఎంపిక చేయకూడదు, ఓటర్ల జాబితాలోంచి చీటీలు తీసి ఎంచుకోవాలి.

కౌన్సిల్ సమావేశానికి మేమిద్దరం వెళ్ళి జనం కూర్చునే చోట వెనక వరసలో కూర్చున్నాం. మొదటి సిఫార్సు సులువుగానే గట్టెక్కింది. రెండోదాని మీద గంటసేపు గొడవ. ఒకాయన, "చీటీల్లో ఏ తలతిక్కవాడు వస్తాడో ఎవరికి తెలుసు?" అన్నాడు. వ్యాను కౌన్సిలరమ్మ లేచి, "మనల్ని ఎన్నుకుంది కూడా ఆ జాబితాలోవాళ్ళేనండి," అంది. చేతులెత్తమన్నారు. అటు పదకొండు, ఇటు పదకొండు.

ఇరవై మూడో మనిషి టైర్లాయన. ఆయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కౌన్సిల్ అధ్యక్షుడు అడిగితే నిలబడి, "ఈ నివేదిక మొదటి పేజీలో నా పేరుంది. అందులో ఏ ముక్కకీ నేను చెయ్యెత్తను. అటూ కాదు, ఇటూ కాదు," అని కూర్చున్నాడు. సమానమైంది కాబట్టి అధ్యక్షుడు తన ఓటు వద్దన్నవాళ్ళ వైపు వేశాడు. సిఫార్సు వీగిపోయింది.

నాకు కోపం తన్నుకొచ్చింది. అత్తయ్య మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఏమన్నాడు? మళ్ళీ చెప్పు, సరిగ్గా ఏమన్నాడు?" అనడిగింది. చెప్పాను. ఆమె నా చెయ్యి వదలకుండానే లేచి బయటికి నడిచింది.

బయట మెట్ల దగ్గర టైర్లాయన మా కోసం ఆగి ఉన్నాడు. "ఇప్పుడు మాట్లాడొచ్చా సిస్టరమ్మా?" అన్నాడు.

"నాలుగు నెలలు మొహం చాటేశావు కదయ్యా! నేనేం తప్పు చేశానో తెలీక చచ్చిపోయాను."

"మీరేం చేయలేదమ్మా. నేను నవ్వుతూ పలకరిస్తే, జీతం కోసం సిస్టరమ్మని మంచి చేసుకుంటున్నాడంటారు. మీ సంతకానికి విలువ ఉండదు. అందుకే తప్పుకు తిరిగాను. మీరు నడుస్తుంటే గోడ పట్టుకుంటున్నారు, కళ్ళు అంత పాడయ్యాయని చూస్తూనే ఉన్నాను. ఆ రోజు రోడ్డు దాటి వెళ్ళానే, ఇంటికెళ్ళి అన్నం తినలేదు."

"నీ చెయ్యి లేక సిఫార్సు పోయిందయ్యా!"

"తెలుసమ్మా. నాకా సిఫార్సు మంచిదనే అనిపించింది. అయినా ఎత్తలేకపోయాను."

అత్తయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. సగం ఏడుపు, సగం నవ్వు. "ఒకసారి మా ఇంటాయన్ని మోశావు. ఈసారి నన్ను మోశావు. ఈ రెండోది ఇంకా బరువు కదూ?" అంది. ఆయన చెమర్చిన కళ్ళతో, "మెట్టుంది, చూసుకోండి," అన్నాడు.

తర్వాతి నెలలో ఆమెకి కంటి ఆపరేషన్లు అయ్యాయి, రెండూ బాగా కుదిరాయి. కోల్డ్ స్టోరేజీ ఆయన అర్జీని కౌన్సిల్ తోసిపుచ్చింది. ఆయన అది చెప్పడానికే మా ఇంటికొచ్చి, టీ తాగి, "నిజం రాసుకున్నందుకు పోయిందో, మామూలుగానే పోయేదో, తెలీదు లెండి. హాయిగా నిద్రపడుతోంది," అన్నాడు. ఏడాది తిరిగాక వ్యాను కౌన్సిలరమ్మ చీటీల సంగతి తనే సొంతంగా మళ్ళీ ప్రతిపాదించింది. ఆ కాగితంలో అత్తయ్య పేరు లేదు, టైర్లాయన పేరూ లేదు. ఈసారి ఆయన అందరికన్నా ముందు చెయ్యెత్తాడట. బేరాలాడి ముగ్గురిలో ఇద్దరు చీటీల్లోంచి, ఒకరు కౌన్సిల్ ఇష్టప్రకారం అని తేల్చారు. "పూర్తిగా కాకపోతే పోనీ, తల బయటికొచ్చింది కదా," అంది అత్తయ్య.

ఎన్నికలు అయ్యాయి. వ్యాను కౌన్సిలరమ్మ నిలబడింది, గెలిచింది. జీతం కొత్త లెక్క ప్రకారం వస్తోంది. మీటింగుల రోజున వ్యాను నడపడానికి మనిషిని పెట్టుకుంది.

పోయిన నెలలో కొత్త కమిటీకి చీటీలు తీశారు. మొదటి చీటీలో వచ్చిన పేరు మూడు వీధుల అవతల ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడది. ఆవిడ ఆ ఉత్తరం కొంగులో దాచుకుని, ఎవరో చెబితే మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "నాకేం తెలుసని సిస్టరమ్మా నన్ను పిలిచారు? ఆ పెద్దవాళ్ళ మధ్య నేనేం మాట్లాడతాను?" అంది.

"తెలిసినవాళ్ళు ఇన్నేళ్ళు చూశారు కదమ్మా, ఇప్పుడు తెలియనివాళ్ళు కాస్త చూడాలి," అని అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఇద్దరూ సోఫాలో కూర్చున్నారు. నేను మిషను దగ్గర చొక్కా కాలరు కుడుతున్నాను. ఆ ఉత్తరాన్ని ఈసారి అత్తయ్యే చదివింది, ఒక్కో మాటా ఆగి ఆగి, అర్థం చెబుతూ. ఆవిడ మొదట ఊఁ కొట్టింది. కాసేపటికి ఒకటడిగింది, ఇంకొకటడిగింది. చివరికి, "అయితే సిస్టరమ్మా, వాళ్ళ బట్టలు ఇస్త్రీకి నా దగ్గరికే వస్తాయి. అది కూడా చెప్పాలా?" అంది.

"చెప్పాలి," అంది అత్తయ్య. "ఎవరి చొక్కా ఎలా ఉంటుందో మాత్రం చెప్పకు."

ఇద్దరూ ఒకటే నవ్వు. నేను టీ పెట్టడానికి లేచాను.